నాయనమ్మ చేతుల్ని అడుగు

అమ్మాయీ,

నువ్వు పంపిన 18 పేజీలు రెండుసార్లు చదివాను. మిర్యాలగూడ పక్క మీ నాయనమ్మ ఊరు, ఆమె చేసిన వ్యవసాయం, ఆనాటి మనుషులు... వీటి మీద పుస్తకం రాయాలనుకోవడం ఎంతో మంచి ఆలోచన. ఆలస్యం చేయకు. అయితే ఈ పేజీల్లో మీ నాయనమ్మ ఒక్కసారి కూడా నడుం వంచలేదు. పచ్చని పైరు, చల్లని గాలి, కలిసిమెలిసి బతికిన ఊరు, అన్నీ ఉన్నాయి. ఆమె చేసిన పని మాత్రం లేదు.

"ఆ రోజులు ఎట్లుండేవి నాయనమ్మా?" అని అడిగి ఉంటావు. అట్లా అడిగితే ఎవరైనా "మంచిగుండె బిడ్డా" అనే అంటారు. జ్ఞాపకాన్ని అడగొద్దు, చేతుల్ని అడుగు. పని క్రమం అడుగుతూ పోతే సుఖమూ కష్టమూ వాటంతటవే బయటికి వస్తాయి.

"ఆడవాళ్ళంతా నాట్లు వేసేవాళ్ళు" అని ఒక్క వాక్యంలో తేల్చేశావు. ఆ వాక్యం వెనక నెల రోజుల పని ఉంది. వడ్లు ఒక రోజు నానబెట్టి, ఇంకో రోజు గోనెసంచిలో మండె కడతారు. తెల్లగా ముక్కు పగలగానే నారుమడిలో చల్లాలి. సంచి మీద నీళ్ళు చిలకరించడం మరిచిపోతే లోపల వేడి పుట్టి గింజ ఉడికిపోతుంది. చల్లడం ఆలస్యమైతే మొలకలు పొడుగై, ఒకదానికొకటి పెనవేసుకుని, విడదీసేటప్పుడు విరిగిపోతాయి. ఎకరం నాటుకు 2 గుంటల (40 గుంటలు ఒక ఎకరం) నారుమడి, 20 నుంచి 25 కిలోల విత్తనం కావాలి. నారు పీకే ముందు మడిలో నీళ్ళు నిలపకపోతే వేర్లు తెగుతాయి. పిడికిట్లోకి వచ్చిన నారును కాలికేసి కొట్టి, బురద వదిలించి, కట్ట కడతారు. ముదిరిన నారు నాటితే ఎన్ని నీళ్ళు పెట్టినా పిలకలు సరిగా రావు. నీళ్ళ కోసం ఎదురుచూస్తూ నారు ముదిరిపోయిన సంవత్సరాలు ఆమెకు తప్పక గుర్తుంటాయి. అవి అడుగు.

ఇక నాటు. ఎడమచేతిలో కట్ట ఉంటుంది. ఆ చేతి బొటనవేలు రెండు మూడు మొక్కల్ని ముందుకు తోస్తుంది, కుడిచేతి వేళ్ళు అందుకుని బురదలోకి దింపుతాయి. కన్ను కట్ట మీద ఉండదు, పక్క మనిషి సాలు మీద ఉంటుంది. లోతుగా దింపితే పిలకలు తగ్గుతాయి, మరీ పైపైన పెడితే నీళ్ళకు తేలిపోతుంది. నాటింది తొక్కకుండా వెనక్కి వెనక్కి జరుగుతారు. మీ నాయనమ్మను ఉత్త చేతులతోనే ఒకసారి చేసి చూపించమను. ఎనభై ఏళ్ళ వేళ్ళు కూడా ఆ కదలిక మరిచిపోవు. బొటనవేలు ఎటు కదిలిందో చూసి రాసుకో. ఆ నీళ్ళలో రోజంతా నానిన కాళ్ళకు వేళ్ళ సందులు పుండ్లు పడేవి. రాత్రి వాటికి ఏం రాసుకునేదో, మర్నాడు మళ్ళీ ఎట్లా దిగేదో అడగడం మరిచిపోకు.

నువ్వు రాసిన కాలంలో ఒక పెద్ద పొరపాటు ఉంది. ఆమె కాపురానికి వచ్చిన కొత్తలోనే ఊరంతా వరి మడులే అన్నట్టు రాశావు. నాగార్జునసాగర్ కాలువలకు నీళ్ళు వదిలింది 1967 ఆగస్టు 4న. అంతకుముందు ఆ పక్క వరి అంటే చెరువు కింద, బావుల కింద ఉన్నంతే. మిగతాదంతా చెలక, అంటే వాన మీద పండే మెట్ట నేల: జొన్న, సజ్జ, కంది, ఆముదం. నీళ్ళు వదిలిన రోజే అన్ని పొలాలూ తడిసిపోయాయనీ రాయకు. మీ ఊరి తూముకు ఏ ఏడు నీళ్ళు వచ్చాయో ఆమెనే అడిగి తెలుసుకో. సరిగ్గా ఆ రోజుల్లోనే ఐ.ఆర్. 8 లాంటి పొట్టి వరి రకాలు వచ్చాయి. గింజ పెరిగింది, గడ్డి తగ్గింది. పశువుల మేతకు ఏం చేశారన్నది ఆడవాళ్ళే చెప్పగలరు, ఎందుకంటే గడ్డి వేసి పాలు పిండింది వాళ్ళే.

ఆమె తేదీలు చెప్పదు, కార్తెలు చెబుతుంది. ఏడాదికి 27 కార్తెలు, ఒక్కొక్కటి 13, 14 రోజులు. మిరుగం, అంటే మృగశిర, జూన్ 7 లేదా 8 నుంచి, ఆరుద్ర జూన్ మూడో వారం చివర, మఖ ఆగస్టు నడిమి నుంచి. "మఖలో పుట్టి పుబ్బలో మాడినట్టు" అని ఆమె అంటే, రెండు వారాల్లో ముగిసిపోయిన సంగతి అన్నమాట. తేదీగా మార్చి రాయొద్దు. కార్తె పేరే ఉంచి, ఆ రోజు ఆకాశమూ నేలా ఎట్లా ఉన్నాయో చెప్పు, చదివేవాళ్ళకు అందుతుంది.

కొలతల దగ్గర ఇంకా జాగ్రత్తగా ఉండాలి. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం అన్నది ఎక్కాల పుస్తకం లెక్క. మానిక మాత్రం ఊరూరికీ మారేది. ఇంట్లో పాత మానిక ఉంటే వడ్లతో నింపి, కిరాణా కొట్టులో తూకం వేయించు. అంచు దాకా గీసి ఒకసారి, కుప్పగా పోసి ఒకసారి. ఆ తేడా కాగితం మీద పెట్టుకుని అడుగు: కైకిలి గింజలు, అంటే కూలికి ఇచ్చే గింజలు, గీసి కొలిచారా, కుప్పగా కొలిచారా? అప్పు తిరిగి తీసుకునేటప్పుడు ఎట్లా కొలిచారు? మగవాళ్ళకు ఎంత, ఆడవాళ్ళకు ఎంత? ఈ ఒక్క ప్రశ్న నీ పుస్తకంలో ఒక అధ్యాయం అవుతుంది.

"ఊరంతా ఒక్క కుటుంబంలా ఉండేది" అన్న వాక్యం తీసెయ్యి. కమ్మరికీ వడ్రంగికీ చాకలికీ కల్లంలో మేర గింజలు, అంటే వాళ్ళ ఏడాది పనికి ఇచ్చే గింజలు, ఎప్పుడు, ఎవరి తర్వాత ఎవరికి కొలిచేవాళ్ళో రాయి. నాట్ల నాడు సద్ది ఎవరు ఎక్కడ కూర్చుని తిన్నారో, నీళ్ళు ఎవరి చెంబులోంచి ఎవరి దోసిట్లోకి పోసేవాళ్ళో రాయి. ఒకరి మడికి ఒకరు బదులు పోయింది నిజం. ఆ బదులు ఎవరెవరి మధ్య ఉండేదో, ఎవరిని పిలిచేవాళ్ళు కారో, అదీ నిజమే. ఇది రాస్తే నాయనమ్మను చిన్నబుచ్చినట్టు అవుతుందని భయపడకు. నువ్వు అడిగితే ఆమె దాచదని నా నమ్మకం.

విత్తనాల సంగతి నీ పేజీల్లో అసలే లేదు. నాకు బాధ కలిగింది అక్కడే. కంకుల్లో మంచివి ఏరి, వేరుగా కట్టి, పొయ్యి మీది పొగ తగిలేట్టు దూలానికి వేలాడదీసింది ఎవరు? కందులకు ఎర్రమట్టి పట్టించి ఎండబెట్టింది ఎవరు? గంపకు లోపలా బయటా పేడతో అలికి, ఆరనిచ్చి, అడుగున బూడిద, వేపాకు వేసి, గింజలు పోసి, మళ్ళీ బూడిద వేసి, మూతకు మట్టి మెత్తాలి. గింజ ఎండిందో లేదో పంటి కింద పెట్టి చూస్తారు: టక్కున విరిగితే సరే, సాగితే ఇంకో ఎండ కావాలి. ఎండలోంచి తెచ్చిన గింజను వేడి మీదే పోసి మూసేస్తే లోపల చెమరుస్తుంది, బూజు పడుతుంది. రాత్రంతా చల్లారనివ్వాలి. నడుమ అప్పుడప్పుడు తీసి ఎండ చూపకపోతే పుచ్చుతుంది. సొర విత్తనాలను ఎండిన కాయలోనే ఉంచేసేవాళ్ళు. పట్టా కాగితంలో ఎవరి పేరు ఉన్నా, వచ్చే ఏటి పంట ఆమె చేతిలో ఉండేది.

పట్టా అన్నాను కాబట్టి, ఆమె పేరు మీద ఎన్ని గుంటలున్నాయో కూడా అడుగు. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా ఇచ్చిన హిందూ వారసత్వ చట్టం సవరణ, ఆనాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ది, 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. ఆనాటికే పెళ్ళయిన కూతుళ్ళకు అది వర్తించలేదు. ఆమెకు ఆ సంగతి ఎప్పుడు తెలిసిందో, ఎవరు చెప్పారో.

అడిగే పద్ధతి గురించి కొంచెం. ఆమె చేతిలో చేట ఉన్నప్పుడు అడుగు, మాట తేలిగ్గా వస్తుంది. గంట దాటనివ్వకు. కొడుకులు పక్కన ఉంటే జవాబులు వాళ్ళే చెబుతారు, వాళ్ళు లేని పూట చూసుకో. ఆమె ఈడు ఇంకో మనిషిని కూడా కూర్చోబెట్టు. ఇద్దరూ "కాదే, అట్ల కాదు" అని వాదించుకుంటే అడ్డుపడొద్దు, నీకు కావలసింది అక్కడే దొరుకుతుంది. అదే ప్రశ్న వారం తర్వాత మళ్ళీ అడుగు. ఫోనులో రికార్డు చేసినా, ఆ సాయంత్రమే కొత్త మాటలు కాగితం మీద పెట్టుకో. చెరగడం వేరు, నేమడం వేరు. చెరిగితే పొట్టు పోతుంది, నేమితే రాళ్ళు విడిపోతాయి. నువ్వు రెంటికీ "శుభ్రం చేసేది" అని రాశావు. ఆమె మాట ఆమెకే ఉంచు. అర్థం పక్కన విడిగా చెప్పకు, చేట కదలికలో చూపించు.

నీ పదకొండో పేజీలో ఒక వాక్యం ఉంది: "నారు కట్ట నా వెనకాలే పడాలె, దూరం పడితే తిడుతుంటి." నువ్వు దాన్ని నవ్వు కోసం పెట్టినట్టున్నావు. వెనక్కి జరుగుతున్న మనిషికి కట్ట చేయి చాచినంత దూరంలో దొరకాలి. దూరంగా పడితే నడుం ఎత్తి లేచి వెళ్ళాలి, మళ్ళీ వంగేటప్పుడు ప్రాణం పోతుంది, సాలు వెనకబడుతుంది. దగ్గరగా గుట్టపడితే కాలికి అడ్డం. ఆ తిట్టు నడుంలోంచి వచ్చింది. పుస్తకం ఆ వాక్యంతో మొదలుపెట్టు. మిగతా పేజీలు పక్కన ఉంచి, ఈసారి కాలువకు నీళ్ళొచ్చి మీ ఊళ్ళో నాట్లు మొదలవగానే వెళ్ళు. ఆమెను గట్టు మీద నీడపట్టున కూర్చోబెట్టి, నువ్వు మడిలో దిగి నాలుగు సాళ్ళు నాటు. ఆమె నిన్ను ఎక్కడెక్కడ తప్పు పట్టిందో అన్నీ రాసి పంపు.

ప్రేమతో,
నీ ఉత్తరం కోసం ఎదురుచూసే
పెద్దమ్మ