ఘానా ప్రయాణం: చెరువులో దిగే అలవాటు అక్కడ వద్దు

ప్రశ్న: మా అబ్బాయి చేపల పెంపకం పని మీద ఘానా వెళ్తున్నాడు. ఏ జాగ్రత్తలు తీసుకోవాలి? – ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: అమ్మా, ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందే వేయించి, టీకా వేసినట్టు ధ్రువీకరిస్తూ ఇచ్చే పసుపు కార్డును పాస్‌పోర్టుతోపాటే ఉంచమనండి, అది లేకుండా తిరిగి వస్తే ఇక్కడ దిగగానే 6 రోజుల వరకు విడిగా ఉంచవచ్చు. మలేరియా మాత్రలను డాక్టరు చెప్పినన్నాళ్లూ, ఇంటికి చేరాక కూడా, మానకుండా వాడాలి. నాకు ఎక్కువ భయం వోల్టా సరస్సు గురించే: మన కోనసీమలో లుంగీ ఎగగట్టి చెరువులో దిగినట్టు అక్కడ దిగితే, నత్తల నుంచి నీటిలోకి వచ్చే బిల్‌హార్జియా పురుగు చర్మం గుండానే ఒంట్లోకి చేరుతుంది కనుక, నీరు చొరబడని పొడవాటి రబ్బరు బూట్లు తప్పనిసరి. రాజధాని అక్రాలో మీటరు లేని టాక్సీ ఎక్కేముందే బేరం తేల్చుకోవాలి. డబ్బు ఎడమచేత్తో ఇవ్వకూడదన్న మన పట్టింపు అక్కడా ఉంది. అత్యవసరమైతే 112 నంబరుకు ఫోన్ చేయాలి.