కిడ్నీ పేషెంటు ఉన్న ఇంట్లో ముందు ఆ ‘మంచి ఉప్పు’ బయట పడేయండి

“నాన్నగారికి 64 ఏళ్ళు, షుగర్ ఉంది. ఈమధ్య క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) 1.9 వచ్చింది. కిడ్నీలు బాగుపడాలంటే ఏమేం పెట్టాలి? కొబ్బరినీళ్ళు, బార్లీ, చోడంబలి (రాగి అంబలి) రోజూ ఇవ్వొచ్చా?” అని అడిగారు మీరు.

నేను డాక్టర్ని కాదండీ. వైజాగ్ కంచరపాలెంలో ఉంటాం. షుగర్ వల్ల కిడ్నీలు దెబ్బతిన్న మా అత్తయ్యగారికి కొన్నేళ్ళుగా వండిపెడుతున్న కోడల్ని, అంతే. ఆ మాత్రం అనుభవంతో గట్టిగా చెప్పేది ఒకటుంది. పాడైన కిడ్నీని బాగుచేసే తిండంటూ ఏదీ లేదు. ఉన్నది ఇంకా పాడవకుండా నెట్టుకొచ్చే తిండి మాత్రం ఉంది. అందులో కొత్తగా చేర్చేవాటికంటే మానేసేవీ తగ్గించేవే ఎక్కువ. “కిడ్నీకి చాలా మంచిదట” అంటూ ఎవరైనా సంచీ పట్టుకుని వస్తే, ఆ సంచీని గుమ్మంలోనే ఆపండి.

ఎందుకంత కోపం అంటారా? మా ఆడపడుచు భర్త, అన్నయ్యగారు, బంగారంలాంటి మనిషి. అత్తయ్యగారంటే ఆయనకి ప్రాణం. ఆవిడ చప్పిడి తినలేక అవస్థ పడుతుంటే చూడలేక, ఓ ఎండాకాలం సూపర్ మార్కెట్ నుంచి ‘లో సోడియం’ ఉప్పు ప్యాకెట్లు తెచ్చారు. మామూలు ఉప్పు కంటే రేటు ఎక్కువ, అట్ట మీద గుండె బొమ్మ. “బీపీకి ఇదే మంచిదట అత్తయ్యా, ఇంక మీరు చక్కగా ఉప్పేసుకుని తినొచ్చు” అన్నారు. అంతటితో ఆగితే బాగుండేది. వీధి చివర కొబ్బరిబొండాలు అమ్మే అతనికి నెల డబ్బులు ముందే ఇచ్చి, రోజూ ఒకటి ఇంటికి పంపించమని కూడా చెప్పారు. ఎండలు కదా, చలవ చేస్తుందని. అత్తయ్యగారి ఆనందానికి హద్దుల్లేవు. “ఇన్నాళ్ళకి కూర కూరలాగుందే అమ్మా” అని రెండోసారి వడ్డించుకున్నారు.

కొన్నాళ్ళకి “కాళ్ళు ఈడుస్తన్నాయే, ఒంట్లో బలం నేదు” అనడం మొదలైంది. ఎండ దెబ్బేమో అనుకున్నాం. ఓ పొద్దున్న బాత్రూం తలుపు పట్టుకుని అలాగే కిందకి జారిపోయి కూర్చున్నారు. షుగర్ పడిపోయిందని పరిగెత్తి మిషన్ పెట్టి చూస్తే అది బాగానే ఉంది. ఆటో ఎక్కించి ఆసుపత్రికి తీసుకెళ్ళాం. అక్కడ ఉన్నది చిన్నమ్మాయి, కొత్త డాక్టరమ్మ. ఈసీజీ కాగితం చూసి ఇంకోసారి తీయించింది, రక్తం పంపించింది. పొటాషియం 6.8. మామూలుగా 5 దాటకూడదు.

అప్పుడు మొదలైంది విచారణ. అరటిపళ్ళు తిన్నారా, బత్తాయి రసం తాగారా అని ఒక్కొక్కటీ అడుగుతూ బొండాల దగ్గరికి వచ్చింది. మేం అవునన్నాం. ఆ అమ్మాయి అక్కడితో ఊరుకోలేదు. “ఇంట్లో ఉప్పు ఏది వాడుతున్నారు?” అంది. నాకు అర్థం కాలేదు. మావారు ఇంటికి ఫోన్ చేస్తే మా చిన్నాడు ప్యాకెట్ వెనక్కి తిప్పి, కూడబలుక్కుంటూ చదివాడు: సోడియం క్లోరైడ్, పొటాషియం క్లోరైడ్. దాని కింద చీమ తలకాయంత అక్షరాల్లో, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు డాక్టర్ని అడిగి వాడాలని ఉందట. గుండె బొమ్మ మాత్రం అరచేయంత వేశారు!

సోడియం తగ్గించారంటే దాని బదులు పొటాషియం వేశారని. కిడ్నీలు బాగా పనిచేసేవాళ్ళకి ఎక్కువైన పొటాషియం ఒంటేల్లో బయటికి పోతుంది, ఇబ్బంది లేదు. పనిచేయనివాళ్ళకి రక్తంలోనే ఉండిపోయి గుండె కొట్టుకునే తీరునే దెబ్బతీస్తుంది. దానికి తోడు అత్తయ్యగారు బీపీకి వేసుకునే టెల్మిసార్టాన్ కూడా పొటాషియాన్ని కొంత పెంచే రకమే. ఆ మాత్ర కిడ్నీకి మేలు చేసేదే, సొంతంగా మానేయకూడదు. కానీ అది వేసుకునేవాళ్ళకి ఈ ఉప్పూ ఈ బొండాలూ కలిపి ఇస్తే ఏమవుతుందో మేం చూశాం.

గుండె కోసం కాల్షియం ఇంజెక్షన్ ఇచ్చి, తర్వాత గ్లూకోజ్‌లో ఇన్సులిన్ కలిపి ఎక్కించారు. మావారు ఊరుకుంటారా? “షుగర్ పేషెంటుకి గ్లూకోజేంటండీ?” అని గొడవ పెట్టుకున్నారు. ఇన్సులిన్ పొటాషియాన్ని రక్తంలోంచి కణాల్లోకి నెడుతుందనీ, ఆ ఇన్సులిన్‌కి షుగర్ పడిపోకుండా గ్లూకోజనీ ఆ అమ్మాయి ఓపిగ్గా చెప్పింది. డయాలసిస్ దాకా వెళ్ళకుండానే పొటాషియం దిగింది. అన్నయ్యగారు వరండాలో గోడకి ఆనుకుని నిలబడిపోయారు పాపం. అత్తయ్యగారికి కాస్త తేరుకోగానే వచ్చిన మొదటి మాట, “అల్లుడ్ని ఎవులూ ఏటీ అనకండి”.

కాబట్టి మీ కొబ్బరినీళ్ళ ప్రశ్నకి నా జవాబు: నాన్నగారి పొటాషియం రిపోర్టు చూడకుండా ఇవ్వకండి. ఒక్క బొండాంలో ఉండే పొటాషియం ఒక అరటిపండులో కంటే ఎక్కువే. అలాగని పొటాషియం 4.2 ఉన్న మనిషికి పళ్ళన్నీ మాన్పించేసి ఏడిపించడం కూడా తప్పే. మా పక్కింటావిడ వాళ్ళాయన విషయంలో అదే చేసింది, ఆయన నీరసపడి ఊరుకున్నారు. ఎంతుందో చూసుకుని దాన్నిబట్టి పెట్టాలి. ఎక్కువుంటే బంగాళాదుంప, పెండలంలాంటివి చెక్కు తీసి పల్చగా కోసి, ఎక్కువ నీళ్ళలో ఉడకబెట్టి, ఆ నీళ్ళు పారబోసి వండాలి. కొంతవరకు పోతుంది. ఆ నీళ్ళతో చారు పెట్టే పొదుపరులుంటారు, అది చేయకండి.

మీరు చెప్పిన వయసుకి, 1.9 క్రియాటినిన్‌కి ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు ఎంత వడపోస్తున్నాయో చెప్పే అంకె) లెక్కేస్తే 40కి కాస్త అటూ ఇటూ వస్తుంది. అంటే కిడ్నీ జబ్బు మూడో దశ. కంగారు పడాల్సిందేమీ లేదు, నిర్లక్ష్యం చేస్తే మాత్రం కష్టం. మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ పోతోందా లేదా అనే పరీక్ష కూడా చేయించండి. క్రియాటినిన్ ఒక్కటే పట్టుకుని ఊగిసలాడతారు అందరూ.

ఇక మామూలు ఉప్పు. పొటాషియం అందరికీ సమస్య కాకపోవచ్చు గానీ ఇది అందరికీ సమస్యే. రోజుకి 5 గ్రాముల లోపు అంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంటే టీ చెంచా నిండా కూడా కాదు. అదీ కూరలో వేసింది, ఇడ్లీ పిండిలో కలిపింది, మజ్జిగలో చిటికెడు, అన్నీ కలిపి. మనవాళ్ళు కూరలో ఉప్పు తగ్గించి, పక్కన ఆవకాయ బద్ద, అప్పడం, ఊరమిరపకాయ పెట్టుకుని “మాకు ఉప్పు తక్కువేనండీ” అంటారు. ఆదివారం ఎండు నెత్తళ్ళ పులుసు, సాయంత్రం ఆర్కే బీచ్‌లో ఉప్పూకారం అద్దిన మామిడి ముక్కలు, ఇవేవీ లెక్కలోకి రావు. ఎండు చేపల్ని వేణ్ణీళ్ళలో ఎన్నిసార్లు కడిగినా ఉప్పు పూర్తిగా పోదు. పచ్చి చేప కొనుక్కోండి, వైజాగ్‌లో ఉండి చేపకి కరువేంటి?

మా ఇంట్లో ఒక పద్ధతి పెట్టాను. పొద్దున్నే అత్తయ్యగారి ఆ రోజు ఉప్పు చెంచాతో కొలిచి చిన్న స్టీలు డబ్బాలో వేస్తాను. ఆవిడ వాటా కూర తాలింపు అయ్యాక ఉప్పు వేయకముందే తీసేస్తాను. కంచం ముందు కూర్చున్నాక ఆ డబ్బాలోంచి ఆవిడే చల్లుకుంటారు. పైన చల్లిన ఉప్పు నాలుకకి తగులుతుంది కాబట్టి తక్కువైనా సరిపోతుంది. రాత్రికి డబ్బా ఖాళీ అయితే అయిందే, మళ్ళీ నింపేది లేదు. మొదట్లో “ఇదేటి కూరే, గడ్డి” అని కంచం నెట్టేశారు. నెలా నెలన్నర ఓర్చుకుంటే నాలుకే సర్దుకుంది. ఇప్పుడు పెళ్ళి భోజనం తిని ఆవిడే “అమ్మో, ఉప్పు” అంటారు. ఆవ పెట్టి చేసే కూరలు మన ఉత్తరాంధ్ర వాళ్ళకి వచ్చిన వరం. ఆనపకాయో క్యాబేజీయో ఉడికించి ఆవ ముద్ద కలిపితే ఆ ఘాటుకి ఉప్పు తక్కువైన సంగతి తెలీదు. బీరకాయ, దొండకాయకి వెల్లుల్లీ మిరియాలూ చాలు.

ఇంకో బాధ చెప్పుకోవాలి. ఒక ఆసుపత్రిలో మాకిచ్చిన డైట్ కాగితం జిరాక్సుకి జిరాక్సు, సగం అక్షరాలు కనబడవు. కనబడినవాటిలో బ్రోకలీ, జుకినీ, పనీర్! రైతు బజార్‌లో నేను జుకినీ అడిగితే ఎవరైనా ఇస్తారా? గోంగూర తినొచ్చా, పనసపొట్టు కూర తినొచ్చా అని అడిగితే “అన్నీ కొంచెం కొంచెం” అన్నారు. ఆ మాటకి ఫీజు వేరే.

షుగర్, కిడ్నీ రెండూ ఉన్నవాళ్ళకి ఇంకా పెద్ద చిక్కు. షుగర్ డాక్టరు చోళ్ళు, ఆకుకూరలు తినమంటారు. కానీ చోళ్ళలో తెల్లబియ్యం కంటే పొటాషియం, ఫాస్ఫరస్ చాలా ఎక్కువ. కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్ళకి తెల్లన్నమే నయమని చెప్పేది అందుకే, అదీ కొలిచి. కాబట్టి చోడంబలి రోజూ వద్దు, ఇద్దరు డాక్టర్లనీ అడిగి ఎప్పుడైనా ఇవ్వండి. బార్లీ నీళ్ళలో మహత్యమేమీ లేదు, అవీ నీళ్ళే. కాళ్ళ వాపులుంటే అవి కూడా తాగిన నీళ్ళ లెక్కలోకే వస్తాయి. ఉలవల కషాయం, అరటి దూట రసం, కొండపిండి ఆకు అంటూ చెప్పేవాళ్ళు వస్తారు. అవన్నీ కిడ్నీలో రాళ్ళకని జనం వాడేవి. రాళ్ళు వేరు, ఇది వేరు. రాళ్ళున్నవాళ్ళని నీళ్ళు బాగా తాగమంటారని, వాపులతో ఉన్న ముసలాయనకి బిందెడు తాగించిన ఇల్లు నాకు తెలుసు.

పప్పు, గుడ్డు, చేప పూర్తిగా మాన్పించకండి. డయాలసిస్ లేనివాళ్ళకి కిలో బరువుకి సుమారు 0.8 గ్రాముల ప్రొటీన్ అంటారు. అంటే 60 కిలోల మనిషికి 48 గ్రాములు. ఒక గుడ్డులో 6 ఉంటాయి, కాబట్టి మరీ కడుపు కట్టుకోవాల్సిందేమీ లేదు. డయాలసిస్ మొదలైతే ఇంకా ఎక్కువ కావాలి. ఆ సంగతి తెలీక డయాలసిస్ వాళ్ళని కూడా చారన్నంతో ఎండబెడతారు.

వైజాగ్‌లో కిడ్నీ అనగానే ఎవరో ఒకరు శ్రీకాకుళం జిల్లాలో కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ఉద్దానం మాట ఎత్తుతారు. అక్కడి సంగతి తిండితో తేలేది కాదు. షుగర్, బీపీ లేకుండానే జీడి, కొబ్బరి తోటల్లో కష్టం చేసుకునేవాళ్ళకి వస్తోంది, కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో మొదలైంది. అంతకుముందు వాళ్ళలో చాలామంది వైద్యానికి బస్సులెక్కి మన కేజీహెచ్‌కి (వైజాగ్ పెద్దాసుపత్రికి) వచ్చేవాళ్ళే. వాళ్ళకి తిండి మీద ఉపన్యాసాలిచ్చేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

తిండి గురించి అడిగితే మందుల దాకా వెళ్తున్నాను, ఏమనుకోకండి. ఇంట్లో నాన్నగారి మందుల డబ్బా ఒకసారి గుమ్మరించి చూడండి. మోకాళ్ళ నొప్పికి వీధి చివర మందుల షాపులో చీటీ లేకుండా ఇచ్చే డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్ ఏదైనా అందులో ఉంటే, మీరు పెట్టే పత్యమంతా ఒక ఎత్తు, కిడ్నీని దెబ్బతీసే ఆ మాత్ర ఒక ఎత్తు. మా అత్తయ్యగారి దిండు కింద దొరికింది ఓ స్ట్రిప్పు, సగం వాడేసింది. “నొప్పికే కదే, కిడ్నీకి కాదు కదా” అన్నారు. నొప్పికి వేరే ఏం వేయొచ్చో కిడ్నీ డాక్టర్నే అడిగి రాయించుకోండి. ఆ షాపతనికి కూడా ఒకసారి ముఖాముఖీ చెప్పి రండి, నేను చెప్పొచ్చాను.