పోకర్ టోర్నమెంట్‌కి గోవా వెళ్తున్నాను, కేసు అవుతుందా?

ప్రశ్న: లాయర్ గారికి నమస్కారం. నాకు 29 ఏళ్లు. హనుమకొండలో ప్రైవేటు ఉద్యోగం చేస్తున్నాను. కొన్నేళ్లుగా ఆన్‌లైన్‌లో వంద, రెండొందల రూపాయల పోకర్ (ఒక రకం పేకాట) టోర్నమెంట్లు ఆడుతున్నాను. తెలంగాణలో యాప్‌లు తెరుచుకోవు కాబట్టి, ఉన్న చోటు కనపడకుండా చేసే వీపీఎన్ పెట్టుకునేవాణ్ణి. 2025 ఆగస్టులో మన దేశపు యాప్‌లు డబ్బు ఆటలు ఆపేశాక ఒక విదేశీ సైట్‌కి మారాను. డబ్బు వేయాలన్నా తీయాలన్నా టెలిగ్రామ్‌లో ఒక ఏజెంట్ ఉన్నాడు, అంతా యూపీఐలోనే. వచ్చే నెల గోవాలోని ఒక కేసినోలో పెద్ద టోర్నమెంట్ ఉంది, ఎంట్రీ 50 వేలు. సగం నేను పెట్టుకుంటున్నాను, సగం నలుగురు స్నేహితులు ఇస్తున్నారు. గెలిస్తే సగం వాళ్లది. ప్రిపరేషన్ వీడియోలు నా చిన్న ఛానల్‌లో పెడుతుంటాను, కింద ఆ సైట్ లింకు ఇస్తే కాస్త బోనస్ వస్తుంది. పోకర్ నైపుణ్యం ఆట అని కోర్టులే అన్నాయి కదా, నాకేమైనా ఇబ్బంది ఉంటుందా? గెలిస్తే ట్యాక్స్ ఎంత?

జవాబు: మీ టెన్షన్ అంతా గోవా ప్రయాణం గురించి. నాకు మాత్రం మీరు మాటవరసకు రాసిన రెండు విషయాలు భయం కలిగిస్తున్నాయి. ఒకటి వీడియోల కింద ఇస్తున్న లింకు, రెండోది టెలిగ్రామ్ ఏజెంటు.

ముందు లింకు. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన ఆన్‌లైన్ గేమింగ్ ప్రోత్సాహం, నియంత్రణ చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. కేవలం ఆడినందుకు ఆటగాడికి ఆ చట్టంలో శిక్ష పెట్టలేదు. ఆట నడిపేవాళ్లకు మూడేళ్ల వరకు జైలు లేదా కోటి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. డబ్బు లావాదేవీలకు సాయపడేవాళ్లకూ అంతే. ప్రకటన చేసేవాళ్లకు రెండేళ్ల వరకు జైలు లేదా 50 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. ప్రకటన అంటే పేపర్లో సినిమా నటుడి బొమ్మే కానక్కర్లేదు. ఏ మాధ్యమంలోనైనా, నేరుగానో చుట్టు తిప్పో జనాన్ని ఆ ఆటలోకి దింపేది ఏదైనా దాని కిందికి వస్తుంది. బోనస్ తీసుకుని లింకు ఇవ్వడాన్ని ప్రకటన కాదని వాదించడం నాకైతే కష్టమే. అంటే కేంద్ర చట్టం ఆటగాడిగా మిమ్మల్ని వదిలేసినా, లింకు పంచే మనిషిగా వదలదు. ఈ జవాబు చదివిన వెంటనే ఆ లింకులు తీసేయండి. పోలీసుల నుంచి ఇప్పటికే నోటీసు వచ్చి ఉంటే మాత్రం దేన్నీ ముట్టుకోకండి, అప్పుడు తీసేస్తే సాక్ష్యం చెరిపేశారంటారు. ఏ ముక్కలొస్తే ఎలా ఆడాలో వివరించే వీడియోల వరకు ఇబ్బంది లేదు.

ఇక నైపుణ్యం మాట. సుప్రీంకోర్టు 1967లో చెప్పింది రమ్మీ గురించి. ఆ కేసు మన సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బుదే. రమ్మీలో ముక్కలు గుర్తుపెట్టుకుని పేర్చుకోవడానికి నేర్పు కావాలి అన్న ఆ తీర్పులోనే, మూడు ముక్కలాట పూర్తిగా అదృష్టం మీద నడిచేదని కూడా ఉంది. పోకర్ ఊసు అందులో లేదు. పోకర్ మీద కోర్టుల మాట ఒక్కటిగా లేదు. గుజరాత్ హైకోర్టు 2017లో దాన్ని జూదమే అంది. పశ్చిమ బెంగాల్ చట్టం మాత్రం పోకర్‌ను జూదం నిర్వచనం నుంచి తప్పించింది. మీరున్న చోట ఈ చర్చతో పనే లేదు. తెలంగాణ 2017లోనే తన గేమింగ్ చట్టం నుంచి నైపుణ్యం ఆటల మినహాయింపును తీసేసి, ఆన్‌లైన్‌ను కూడా జూదగృహం నిర్వచనంలోకి తెచ్చింది. ఆంధ్రప్రదేశ్ 2020లో అదే దారి పట్టింది. కేంద్ర చట్టం కూడా నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా చూడదు. దాన్ని సవాలు చేస్తూ హైకోర్టుల్లో వేసిన కేసులను 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తన దగ్గరికి తెప్పించుకుంది. ఆ కేసులు ఉన్నాయి కదా అని ఈలోగా ఆడుకోవచ్చని అర్థం కాదు.

కాబట్టి హనుమకొండలో కూర్చుని డబ్బు పెట్టి ఆడితే రాష్ట్ర చట్టం కింద మీ మీదే కేసు పెట్టే వీలుంది. పందెం వంద రూపాయలే అన్నది శిక్ష దగ్గర చెప్పుకోవడానికి పనికొస్తుంది, నేరం కాదనడానికి పనికిరాదు. వీపీఎన్ మీకు రక్షణ కూడా కాదు. తెలిసే చేశారని చెప్పడానికి అవతలివాళ్లకు అదే ఆధారమవుతుంది. ప్రాక్టీస్ కావాలంటే డబ్బు పెట్టక్కర్లేని, డబ్బు తిరిగి రాని ఉచిత టేబుళ్లు ఉన్నాయి. ఏ ముక్కలతో గెలిచే అవకాశం ఎంతో లెక్కలు చూపించే సాఫ్ట్‌వేర్ ఉంది. అవి వాడితే తప్పు లేదు. ఫ్రెండ్స్‌ని ఫ్లాట్‌కి పిలిచి డబ్బుతో ఆడే ఆలోచన ఉంటే మానుకోండి. అపార్ట్‌మెంట్లలో, ఫామ్‌హౌస్‌లలో పేకాట మీద దాడుల వార్తలు మీరూ చదివే ఉంటారు.

ఏజెంటు సంగతి ఇంకా ప్రమాదం. అతను మీకు పంపే డబ్బు ఎవరి ఖాతా నుంచి వస్తోందో మీకు తెలియదు. ఇలాంటి ఏజెంట్లు తరచూ వేరేవాళ్ల పేర్ల మీదున్న ఖాతాలు అద్దెకు తీసుకుని వాడతారు. ఎక్కడో ఒకాయన సైబర్ మోసంలో డబ్బు పోగొట్టుకుని సైబర్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తాడు. ఆ సొమ్ము ఏయే ఖాతాల గుండా పోయిందో చూసుకుంటూ పోలీసులు వస్తారు. అందులో మీది ఉంటే, వచ్చింది ఎనిమిది వందలే అయినా జీతం పడే ఖాతా ఆగిపోవచ్చు. వెనకటి నేర విచారణ చట్టం సీఆర్పీసీలో సెక్షన్ 102, దాని స్థానంలో వచ్చిన ఇప్పటి నాగరిక్ సురక్షా సంహితలో సెక్షన్ 106 ఇందుకు ఆధారం. అప్పుడు 'ఈ డబ్బు ఎక్కడిది?' అని అడుగుతారు. నిజం చెబితే తెలంగాణలో ఆన్‌లైన్ పోకర్ ఆడానని ఒప్పుకున్నట్టు, చెప్పకపోతే మోసం సొమ్ములో భాగం ఉన్నట్టు. ఈ ఇరకాటంలో ఒకసారి పడ్డాక బయటికి రావడానికి నెలలు పడుతుంది. నేరుగా విదేశానికి డబ్బు పంపినా చిక్కే. లాటరీ, స్వీప్‌స్టేక్స్ లాంటివాటికి విదేశానికి డబ్బు పంపకూడదని విదేశీ మారక ద్రవ్య చట్టం (ఫెమా) కింది 2000 నాటి నిబంధనల్లో ఉంది.

ఇప్పుడు గోవా. అక్కడి 1976 నాటి జూద నిషేధ చట్టంలో సెక్షన్ 13ఎ ఉంది. దాని కింద లైసెన్సు ఉన్న ఐదు నక్షత్రాల హోటళ్లలో మెషీన్ల మీద ఆడే ఆటలు, మాండవి నదిలోని ఓడల్లో టేబుల్ ఆటలు నడుస్తాయి. మీకు 21 దాటాయి కాబట్టి వయసు అడ్డు కాదు. లైసెన్సున్న ఓడలో, టేబుల్ దగ్గర కూర్చుని ఆడితే తెలంగాణ చట్టం అక్కడిదాకా రాదు. వెళ్లండి, ఎంట్రీ మీ సొంత ఖాతా నుంచి కట్టి రసీదు తీసుకోండి. ఆ సీటును విదేశీ సైట్‌లో శాటిలైట్ (పెద్ద టోర్నమెంటు సీటునే బహుమతిగా ఇచ్చే చిన్న టోర్నమెంటు) ఆడి గెలుచుకుందామని మాత్రం అనుకోకండి, మళ్లీ మొదటికే వస్తుంది.

స్నేహితుల వాటా విషయంలో కాంట్రాక్టు చట్టం సెక్షన్ 30 ప్రకారం పందెం ఒప్పందం చెల్లదు, దాని మీద కోర్టుకెళ్లి వసూలు చేసుకోలేరు. అయితే పందేల కోసం ఇద్దరు కలిసి పెట్టుకున్న భాగస్వామ్యం గురించి సుప్రీంకోర్టు 1959లో, ఘెరూలాల్ పరఖ్ కేసులో, పందెం చెల్లకపోయినా ఆ భాగస్వామ్యం చట్టవిరుద్ధం కాదంది. గోవాలో లైసెన్సున్న టోర్నమెంటుకు మీరు చేసుకునే వాటా ఒప్పందానికి ఆ తీర్పు కొంత ఆసరా. ఇదే ఒప్పందం తెలంగాణలో ఆడే ఆన్‌లైన్ ఆట కోసమైతే, నిషేధించిన పనికి చేసుకున్నదని సెక్షన్ 23 కింద కొట్టుకుపోతుంది. ఏదేమైనా వాటా ఒప్పందాన్ని ఒక కాగితం మీద రాసుకోండి. ఛానల్‌లో తెలియనివాళ్లకు వాటాలు అమ్మకండి. లాభం ఆశ చూపి జనం దగ్గర డబ్బు పోగుచేస్తే 2019 నాటి అనధికార డిపాజిట్ల నిషేధ చట్టం దాకా ప్రశ్నలు వెళ్తాయి.

ఆ కాగితంలో ముఖ్యంగా రాయాల్సింది పన్ను మాట. 6 లక్షలు గెలిచారనుకోండి. నిర్వాహకులు 30 శాతం, అంటే 1,80,000 టీడీఎస్ పట్టుకుని 4,20,000 ఇస్తారు. సెస్సు కలిపి అసలు పన్ను 1,87,200 కాబట్టి రిటర్న్‌లో మరో 7,200 కట్టాలి. మిగిలేది 4,12,800. 'సగం' అంటే 6 లక్షల్లో సగమని స్నేహితులు పట్టుబడితే వాళ్లకు 3 లక్షలు పోయి మీకు 1,12,800 మిగులుతుంది. పన్ను పోగా సగమని రాసుకుంటే రెండు వైపులా 2,06,400. స్నేహాలు చెడేది ఇక్కడే. 12 లక్షల దాకా పన్ను లేదన్న మాట ఈ సొమ్ముకు వర్తించదు. వేరే టోర్నమెంట్లలో పోయిన డబ్బును, రైలు, హోటల్ ఖర్చును ఇందులోంచి తీసేయడానికి కూడా వీల్లేదు. 1961 చట్టంలో ఇవి 115బిబి, 194బి సెక్షన్లు. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టంలో నంబర్లు వేరు.

ఆన్‌లైన్‌లో ఇంతకుముందు గెలిచింది ఉంటే, ఏడాది మొత్తానికి నికరంగా మిగిలిన దాని మీద ఇదే 30 శాతం. విదేశీ సైట్ టీడీఎస్ పట్టుకోలేదు కదా అని వదిలేయకండి. ఆదాయం చట్టబద్ధమా కాదా అన్నది పన్ను శాఖ అడగదు.

ఆ సైట్‌లో ఇంకా ఎంత బ్యాలెన్స్ ఉందో మీరు రాయలేదు. రెండు, మూడు వేలే అయితే, ఏజెంటు ద్వారా తీసుకోవడం కంటే వదులుకోవడమే మేలని నా సలహా. పెద్ద మొత్తమైతే అతనికి మెసేజ్ పెట్టకముందే, బ్యాంక్ స్టేట్‌మెంట్లు తీసుకుని దగ్గర్లోని ఒక లాయర్‌ను నేరుగా కలవండి.