గ్యాస్ బావుల దగ్గర గాలి శాంపిళ్లు తీయబోతున్న మా అమ్మాయికి

బరంపురం

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

కోనసీమలో గ్యాస్ బావుల చుట్టుపక్కల ఊళ్లలో గాలి శాంపిళ్లు తీసే పనికి నువ్వు ఒప్పుకున్నావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. మన ఇంట్లో నా తరువాత ఈ పనికి పూనుకున్నది నువ్వొక్కదానివే కనుక గర్వపడ్డాను. కానీ 1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకుని రెండు నెలలకు పైగా మండిన సంగతీ, 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో పైపులైను నుంచి లీకైన గ్యాస్ రాజుకుని మనుషులను బలిగొన్న సంగతీ గుర్తుకొచ్చి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

గాలి లాగే పంపు వేగాన్ని ముందూ వెనకా సరిచూసుకోవడం, గాలి పట్టే లోహపు డబ్బా, అదే క్యానిస్టరు, దాని గేజిలో ఒత్తిడి అంకె రాసుకోవడం, గాలి ఏ దిక్కు నుంచి వీస్తోందో నమోదు చేయడం నీకు నేర్పే ఉంటారు. బావి కంచె దాటవద్దు. కంచె దగ్గర ఫోను తీయవద్దు.

ముక్కును మాత్రం నమ్మవద్దు. మన వంటగ్యాసుకు ఉండే వాసన తరువాత కలిపినదే తప్ప బావి నుంచి వచ్చే మీథేన్‌కు వాసన ఉండదు. కుళ్లిన గుడ్ల కంపు కొట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ అన్ని బావుల్లోనూ ఉండదు గాని, ఉన్నచోట దాని గాఢత 100 పీపీఎం (గాలి పది లక్షల భాగాల్లో వంద భాగాలు) దగ్గరికి చేరితే ముక్కు వాసన పట్టడమే మానేస్తుంది కనుక, కంపు పోయింది కదా అని ముందుకు నడిచినవాళ్లే పడిపోతారు. అది గాలికన్నా బరువైనది కాబట్టి పల్లంలో నిలుస్తుంది. గ్యాస్ ఉంటే మోగి హెచ్చరించే మీటరును బ్యాగులో కాక కాలరుకే తగిలించుకో. అది మోగితే గాలికి ఎదురుగా నడిచి బయటపడు. పల్లంలో ఎవరైనా పడిపోయి కనిపించినా నువ్వు దిగవద్దు, పైనుంచే కేకలు వేసి మనుషులను పిలువు. నీ గుణం నాకు తెలుసు కనుకనే ఈ మాట రాస్తున్నాను.

స్కూటీ మీద ఒక్కదానివే తిరిగి, శాంపిళ్లను సీటు కింద డిక్కీలో పెట్టుకుని వస్తానన్నావట. పెట్రోలు ఆవిరిలోనూ బెంజీన్ ఉంటుంది కదా, ఆ ట్యాంకు పక్కనే బెంజీన్ కొలిచే శాంపిళ్లు పెడతావా! ఎం.ఎస్సీ. చదివినదానివి కదా!

నేను ప్రయోగశాలలో ఉన్నప్పుడు ఒక బృందం ఇలాంటి పనికే వెళ్లింది. ఊరు పేరూ సంస్థ పేరూ అనవసరం. ఆ ఊళ్లో ఒక గృహిణి నెలల తరబడి, ఏ వేళ వాసన వచ్చిందో, ఏ పిల్లకు ముక్కు నుంచి రక్తం కారిందో, ఎవరికి తల పోటెత్తిందో పాల లెక్క రాసుకునే పుస్తకంలోనే వెనక పేజీల నుంచి రాసిపెట్టింది. ఆ పుస్తకం చూసి, వాసన వచ్చే వేళలకే బృందం, గాలిలోని ఆవిరులను పీల్చి పట్టే బొగ్గు నింపిన గాజు గొట్టాలతో గాలి పట్టింది. అంతవరకూ పని చక్కగానే జరిగింది. కానీ బృందనాయకుడు ఆ గొట్టాల పెట్టెను జీపు వెనక, జనరేటరు కోసం తెచ్చిన పెట్రోలు డబ్బా పక్కన సర్దాడు. పరీక్ష ఖర్చు కలిసివస్తుందని ఫీల్డ్ బ్లాంక్ కూడా పెట్టలేదు. అక్కడే మూత తీసి, గాలి లాగకుండా వెంటనే మూసి, మిగతావాటితోపాటే ప్రయాణం చేయించే ఆ ఒక్క గొట్టం ఉంటే, దారిలో ఎంత బెంజీన్ చేరిందో అదే చెప్పేది. నా బల్ల మీద పెట్టె తెరవగానే గుప్పున పెట్రోలు వాసన కొట్టింది. ఆ మాట రిజిస్టరులో రాశాను. అయినా ఆయన వినలేదు; వచ్చిన పెద్ద పెద్ద అంకెలతోనే నివేదిక ఇచ్చాడు. విచారణలో అవతలివారు బ్లాంక్ ఏదని ఒకే ఒక ప్రశ్న అడిగారు. శాంపిళ్లతోపాటు ఆ ఇల్లాలి పుస్తకాన్నీ చెల్లదని పక్కన పెట్టారు. అందులోని ఒక్క అక్షరం కూడా అబద్ధం కాదు తల్లీ. మళ్లీ వేరేవారు వెళ్లినప్పుడు ఆవిడ గుమ్మంలోనే నిలబెట్టి పంపించేసిందని విన్నాను, అందులో ఆవిడ తప్పేమీ లేదు.

కాబట్టి కారు మాట్లాడుకో, తోడుకు మనిషిని తీసుకెళ్లు. మీ పెద్దమ్మ ఊరగాయ జాడీ కట్టి ఉంచింది. దానిని కూడా శాంపిళ్ల ఐసు పెట్టెలో పెట్టవద్దు.

పగలు పదింటికి వెళ్లి సాయంత్రానికి తిరిగివస్తే నీకు దొరికేది చెదిరిపోయిన గాలే. రాత్రి గాలి స్తంభించినప్పుడూ తెల్లవారుజామునా కాలుష్యం నేలను అంటిపెట్టుకుని ఉంటుంది. బావి ఏ దశలో ఉందో కూడా కనుక్కో. అమెరికాలో కొలరాడో రాష్ట్రంలోని గార్‌ఫీల్డ్ కౌంటీ గ్యాస్ బావులపై 2012లో వచ్చిన అధ్యయనం అర మైలు లోపల నివసించేవారికి ఆరోగ్య ప్రమాదం ఎక్కువని అంచనా వేసింది, అందులోనూ బావిని ఉత్పత్తికి సిద్ధం చేసే దశను ముఖ్యంగా పేర్కొంది. అయితే ఆ నేల వేరు, ఆ బావులు వేరు; ఆ అంకెలను తెచ్చి కోనసీమకు అతికించవద్దు.

ఊరివారు కళ్లమంట, తలనొప్పి అని చెబితే వారి మాటల్లోనే, తేదీతో సహా రాసుకో. కారణం నువ్వు తేల్చవద్దు. బెంజీన్ ఏళ్ల తరబడి పీల్చినవారికి రక్త క్యాన్సర్ రావచ్చన్నది నిజమే. కానీ మన దేశపు 2009 ప్రమాణంలో ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములు అన్నది ఏడాది సగటు. ఒక్క రోజు శాంపిల్‌ను దాని పక్కన పెట్టి పసిపిల్లల తల్లులను భయపెట్టవద్దు, అలాగే తక్కువ వచ్చిందని ధైర్యమూ చెప్పవద్దు.

రాజమండ్రిలో దిగగానే ఫోను చెయ్యి. ప్రయోగశాల నుంచి ఫలితాలు వచ్చాక ముందు బ్లాంక్ వరుస చూసి, తరువాతే మిగతావి చదువు. అర్థం కానివి ఉంటే నాకు పంపించు.

ఇట్లు,
మీ పెదనాన్న