మనశ్శాంతి కోసం మంచి జీతం వదులుకోవచ్చా?

వదులుకోవచ్చు. అయితే రాజీనామా కంటే ముందు మీ నెల ఖర్చు ఎంతో కాగితం మీద రాయండి. ఆదాయం తగ్గుతుందన్న దానికన్నా, ఎంత తగ్గితే ఇబ్బందో తెలియకపోవడమే ఎక్కువ భయపెడుతుంది. అద్దె, తిండి, వాయిదాలు, బీమా కలిపి ఆరు నెలల ఖర్చు చేతిలో ఉంటే తీరిగ్గా ఆలోచించగలరు. అధిక వడ్డీ అప్పులుంటే మాత్రం వాటినే ముందు తీర్చాలి.

డబ్బుతో సంతోషం రాదనే మాట సగమే నిజం. అమెరికాలో ఏడాదికి సుమారు 75,000 డాలర్లు దాటాక రోజువారీ సంతోషం పెరగడం లేదని 2010లో మనస్తత్వవేత్త డేనియల్ కానెమన్, ఆర్థికవేత్త ఆంగస్ డీటన్ చెప్పారు. 2023లో కానెమన్ మరికొందరితో కలిసి దాన్ని తానే సవరించారు (ఇలా ఒప్పుకునేవారు అరుదు). చాలామందిలో ఆదాయంతో పాటు సంతోషమూ పెరుగుతూనే ఉంది. బాగా దిగులుగా ఉన్నవారిలోనే ఒక స్థాయి తర్వాత ఆగిపోతోంది. అలాంటి దిగులే మీదైతే, ఇంకో జీతం పెంపు దాన్ని తీర్చదు.

అలాగని తప్పంతా ఉద్యోగానిదే అనుకోకండి. నిద్రలేమినీ, ఇంటి గొడవలనూ కూడా మనం ఆఫీసు ఖాతాలోనే రాసేస్తుంటాం. కొన్నాళ్లు సెలవు పెట్టి చూడండి. అప్పుడూ దిగులు తగ్గకపోతే వైద్యుణ్ణి కలవండి. తగ్గితే, ఇప్పటి జీతం వస్తుండగానే పని ఒత్తిడి తక్కువున్న చోటు వెతకడం మొదలుపెట్టండి.