జర్మనీ ట్రయల్స్‌కు రెండు లక్షలా?

ఆటల మాస్టారుకు ఉత్తరాలు

ప్రశ్న: సార్, మావాడికి వచ్చే నెల పదహారేళ్లు నిండుతాయి. అనంతపురంలో హాస్టల్లో ఉండి ఫుట్‌బాల్ ఆడతాడు, మిడ్‌ఫీల్డర్. మొన్ననే పదో తరగతి పరీక్షలు రాసినాడు. "ఇంగ్లండ్ మిడ్‌ఫీల్డర్ జూడ్ బెల్లింగ్‌హామ్ పదహారేళ్లకే పెద్ద టీమ్‌లో ఆడినాడు, పదిహేడేళ్లకు జర్మనీ పోయినాడు, నన్నూ పంపండి" అని మొండికేసినాడు. బెంగళూరు నుంచి ఒకాయన ఫోన్ చేసి, రెండు లక్షలు కడితే జర్మనీలో ట్రయల్స్ ఇప్పిస్తానన్నాడు. చెనిక్కాయల డబ్బు చేతిలో ఉంది, కట్టేద్దాం అంటున్నాడు మా ఆయన. కట్టమంటారా?
ఒక తల్లి, తాడిపత్రి

జవాబు: కట్టొద్దమ్మా. మిగతాది నిదానంగా చెప్తాను, ముందు ఆ డబ్బు బ్యాంకులోనే ఉండనీయండి.

మీవాడు చెప్పింది అబద్ధం కాదు. 2019 ఆగస్టు 6న లీగ్ కప్‌లో పోర్ట్స్‌మత్ మీద తన క్లబ్ బర్మింగ్‌హామ్ సిటీ తరఫున దిగిన రోజు బెల్లింగ్‌హామ్ వయసు 16 ఏళ్ల 38 రోజులు. ఆ క్లబ్‌కు అతి చిన్న వయసులో ఆడినవాడిగా 1970 నుంచి ట్రెవర్ ఫ్రాన్సిస్ పేరు మీదున్న రికార్డు ఆ దెబ్బతో పోయింది. మ్యాచ్ మాత్రం 3-0తో ఓడిపోయారు, ఈ ముక్క మీవాడు చెప్పి ఉండడు. అదే నెల 31న స్టోక్ సిటీ మీద సబ్‌స్టిట్యూట్‌గా వచ్చి గెలుపు గోల్ కొట్టాడు. బంతి మధ్యలో ఒక ఆటగాడికి తగిలి దారి మారి లోపలికి పోయింది. గోల్ గోలే అనుకోండి.

కానీ మీవాడు కథను పదహారు దగ్గర మొదలుపెడుతున్నాడు. ఆ పిల్లోడు పుట్టింది 2003లో, బర్మింగ్‌హామ్ పక్కనున్న స్టౌర్‌బ్రిడ్జ్‌లో. ఎనిమిదేళ్ల లోపు పిల్లల జట్టులోనే బర్మింగ్‌హామ్ సిటీలో చేరాడు. అప్పటి నుంచి ఒకటే క్లబ్, ఇంటి భోజనం. నాన్న పోలీసు సార్జంట్, డ్యూటీ చేస్తూనే చిన్న లీగుల్లో వందల గోల్స్ కొట్టినాయన. పిల్లోడు ప్రయరీ స్కూల్లో చదువయ్యాక లఫ్‌బరో కాలేజీలో స్పోర్ట్స్ డిప్లొమాలో కూడా చేరాడు. కాబట్టి మీవాణ్ని ఇంటర్లో చేర్పించే పని ఆపకండి.

ఇక జర్మనీ. ఒక సీజన్లో పెద్దవాళ్లతో 44 మ్యాచ్‌లు ఆడినాకే 2020లో జర్మనీ క్లబ్ బొరూసియా డార్ట్‌మండ్ అతన్ని తీసుకుంది. ఎదురు డబ్బు కట్టింది డార్ట్‌మండ్, బెల్లింగ్‌హామ్ ఇంటివాళ్లు కాదు. సుమారు రెండున్నర కోట్ల పౌండ్లని పత్రికలు రాశాయి. కావాలనుకున్న క్లబ్ డబ్బు ఇస్తుందమ్మా, అడగదు. అప్పుడు కూడా వాళ్లమ్మ కొడుకుతో జర్మనీ పోయి ఉంది, నాన్న చిన్నోడు జోబ్‌తో ఇంగ్లండ్‌లో ఆగిపోయాడు. మీరు చేను వదిలి పోగలరా?

ఇంకో సంగతి. కొన్ని మినహాయింపులు తప్ప, పద్దెనిమిది నిండకుండా దేశం దాటి క్లబ్ మారడానికి ప్రపంచ ఫుట్‌బాల్ సంఘం ఫిఫా ఒప్పుకోదు. యూరోపియన్ యూనియన్ లోపలి దేశాల మధ్య మాత్రం పదహారు దాటినవాళ్లకు సడలింపు ఉంది. బెల్లింగ్‌హామ్ పోయిన ఏడాది ఇంగ్లండ్‌కు ఆ వెసులుబాటు ఇంకా నడుస్తోంది, అతనికి కలిసొచ్చింది. మీ తాడిపత్రి పిల్లోడికి అది వర్తించదు. బెంగళూరాయన ఈ మాట చెప్పాడా? ఫిఫా ఇచ్చే ఏజెంట్ లైసెన్స్ ఉందా అని అడగండి. ఉన్నా సరే, మీ రాతపూర్వక అనుమతి లేకుండా మైనర్ తరఫున బేరం ఆడకూడదు.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, నేనొకసారి తప్పు చేశాను. నా శిష్యుడొకడికి గోవాలో ట్రయల్స్ అంటే నలభై వేలు కట్టమని వాళ్ల నాన్నకు చెప్పింది నేనే. పిల్లోడు రెండు రోజులు గేటు బయట కూర్చుని వచ్చాడు. ఇప్పటికీ నేను కనబడితే పక్క సందులోకి తిరిగిపోతాడు. వాణ్ని పిలిచే ధైర్యం నాకూ లేదు.

ట్రయల్స్‌కు జర్మనీ దాకా పోవాల్సిన ఊరు కూడా కాదు మనది. స్పెయిన్ నుంచి వచ్చిన విసెంటె ఫెర్రర్ 1969లో మొదలుపెట్టిన స్వచ్ఛంద సంస్థ ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) పుణ్యమా అని అనంతపురంలో పచ్చగడ్డి మైదానం ఉంది. నేను ఆడిన రోజుల్లో గులకరాళ్లే. మోకాలి మీద మచ్చలు ఇప్పటికీ పోలేదు.

ప్రశ్న: మాస్టారూ, మా కోచ్ ఒక మ్యాచ్‌లో నన్ను డిఫెన్స్ ముందు నిలబెడతాడు, ఇంకో మ్యాచ్‌లో స్ట్రైకర్ వెనక. నా పొజిషన్ ఏదో తేల్చడు. టెన్షన్‌గా ఉంది.
కళ్యాణదుర్గం విద్యార్థి

జవాబు: మీ కోచ్‌కు టీ ఇప్పించు నాయనా. బెల్లింగ్‌హామ్ బర్మింగ్‌హామ్‌లో వేసుకున్న చొక్కా నంబరు 22. ఎందుకో తెలుసా? నాలుగు, ఎనిమిది, పది కూడితే వచ్చేది అదే. నాలుగో నంబరు డిఫెన్స్‌ను కాచుకునేవాడు, ఎనిమిది ఈ పక్క గోల్ నుంచి ఆ పక్క గోల్ దాకా పరిగెత్తేవాడు, పది గోల్ దారి చూపేవాడు. చిన్నప్పుడు పదో నంబరే కావాలన్న పిల్లోడికి అకాడమీ కోచ్ ఈ మూడు పనులూ నేర్పించాడు. బెల్లింగ్‌హామ్ వెళ్లిపోయాక క్లబ్ ఆ 22ను ఇంకెవరికీ ఇవ్వబోమంది. ఒక్క సీజన్ ఆడినోడికి ఇంత మర్యాదా అని లోకం నవ్వింది, నేనూ నవ్వాను. 2023లో స్పెయిన్ క్లబ్ రియల్ మాడ్రిడ్ పది కోట్ల యూరోలకు పైగా పెట్టి కొన్నాక ఆపేశాను.

ప్రశ్న: మా అబ్బాయికి పద్నాలుగేళ్లు. ఈ ఎండాకాలం మూడు టోర్నమెంట్లకు పిలుస్తున్నారు. మూడూ ఆడించమంటారా?
ఒక తండ్రి, గుంతకల్లు

జవాబు: జాక్ విల్షేర్ అని ఇంకో ఇంగ్లండ్ మిడ్‌ఫీల్డర్ ఉండేవాడు. 2008లో 16 ఏళ్లకే ఆర్సెనల్‌కు ఆడాడు. 2010-11లో, పందొమ్మిదేళ్లు నిండిన ఆ ఒక్క సీజన్లో క్లబ్‌కు 49 మ్యాచ్‌లు. తర్వాతి సీజన్ మొత్తం చీలమండ దెబ్బతో కూర్చున్నాడు. ఆ తర్వాత గాయాలు వదల్లేదు. 2022లో ఆట మానేసేనాటికి ముప్పై ఏళ్లే. కారణం ఆ 49 మాత్రమే అని నేననను, కానీ ఆ లెక్క మర్చిపోలేను.

ఒక్క టోర్నమెంటే ఆడించండి. అది కూడా పొద్దున ఎనిమిది తర్వాత మ్యాచ్‌లు పెట్టేదయితే ఇంట్లోనే ఉంచుకోండి.