ఎర్ర రక్తకణాలు ఎక్కువ, హిమోగ్లోబిన్ తక్కువ: అదెలా?

‘ఆర్‌బీసీ (ఎర్ర రక్తకణాల) కౌంట్ 5.9 వచ్చింది, పక్కన పైకి బాణం గుర్తు వేశారు. హిమోగ్లోబిన్ మాత్రం తక్కువ. ఇంతకీ నాకు రక్తం ఎక్కువ ఉన్నట్లా, తక్కువ ఉన్నట్లా?’ అని మీరు అడిగారు. ఆ బాణాన్ని కాసేపు వదిలేసి అదే కాగితంలో ఇంకాస్త కిందికి చూడండి. ఎంసీవీ అని ఒక వరుస ఉంటుంది. కణం సగటు పరిమాణం అది. దాన్ని చూడకుండా కౌంట్ గురించి మాట్లాడటం దండగ.

మా చెల్లెలిది అచ్చం మీ పరిస్థితే. హిమోగ్లోబిన్ 10.6. చూసిన ప్రతి డాక్టరూ రక్తహీనత అన్నారు, ఐరన్ మాత్రలు రాశారు. నెలల తరబడి మింగింది. మలబద్ధకం, కడుపులో తిప్పడం తప్ప ఒరిగిందేమీ లేదు. మళ్లీ పరీక్ష చేయిస్తే 10.7. ‘మాత్రలు సరిగ్గా వేసుకోవడం లేదు కదూ’ అని దానిమీదే కోప్పడ్డారు. మందు పనిచేయకపోతే నేరం రోగి మీదికి నెట్టడం ఎంత సులువో!

చివరికి పదవీ విరమణకు దగ్గరపడిన ఒక పెద్ద డాక్టరు పాత రిపోర్టులన్నీ బల్ల మీద వరసగా పరిపించారు. హిమోగ్లోబిన్ జోలికే పోలేదు. పెన్నుతో రెండు అంకెల కింద గీతలు గీశారు: ఎంసీవీ 64, ఆర్‌బీసీ 5.8. ‘ఆ 64ను ఈ 5.8తో భాగించమ్మా’ అన్నారు. చెల్లెలు ఫోనులో లెక్క వేసి 11 అంది. ‘ఐరన్ చాలకపోతే కణాలు చిన్నవవుతాయి, ఎముక మజ్జ వాటిని ఎక్కువగా తయారు చేయలేదు కూడా. అప్పుడు ఈ లెక్క 13 దాటుతుంది. నీకు కణాలు చిన్నవే, కానీ బోలెడన్ని ఉన్నాయి. ఎవరూ ఈ వరుస చూడలేదా?’ అని అద్దాల మీదుగా మా వైపు చూశారు. 1973 నుంచి ఉన్న లెక్క ఇది, మెంట్జర్ సూచిక అంటారు. కాలిక్యులేటర్ కూడా అక్కర్లేని భాగహారం!

తర్వాత చేయించిన ఫెరిటిన్ మామూలుగానే ఉంది. అంటే ఒంట్లో ఐరన్ నిల్వలకు లోటే లేదు. హిమోగ్లోబిన్ ఏ2 అనే రకం మాత్రం 5.2 శాతం, 3.5 దాటితేనే అనుమానించాలి. హిమోగ్లోబిన్ తయారీలో వంశపారంపర్యంగా వచ్చే లోపం బీటా థలసీమియా; చెల్లెలు దానికి వాహకురాలని, అంటే ఆ లోపమున్న జన్యువు ఒక్కటే మోస్తోందని తేలింది. దానికి మందు లేదు, అవసరమూ లేదు. అయితే భార్యాభర్తలిద్దరూ వాహకులైతే పుట్టే ప్రతి బిడ్డకూ తీవ్రమైన థలసీమియా వచ్చే అవకాశం 25 శాతం. అందుకే చెల్లెలి భర్తకూ వెంటనే పరీక్ష చేయించారు. ఆయనకు లేదు.

ఇక ఆ బాణాల సంగతి. ‘మామూలు పరిధి’ని గీసేదే ఆరోగ్యవంతుల్లో సుమారు 95 శాతం మంది లోపల పడేలా. మిగిలిన అయిదు శాతం మంది కాగితం మీద ఏ జబ్బూ లేకుండానే బాణం పడుతుంది. ఈ ముక్క రిపోర్టు అడుగున ఒక్క వాక్యంలో అచ్చువేస్తే ల్యాబు వాళ్ల సొమ్మేం పోయింది? పైగా డాక్టరు చూడకముందే అర్ధరాత్రి ఫోనుకు పంపిస్తారు, తెల్లవార్లూ కూర్చుని భయపడమని. 5.9 అంటే మైక్రోలీటరుకు 59 లక్షల కణాలు. మగవారికి పై హద్దు ల్యాబును బట్టి దాదాపు అక్కడే ఉంటుంది, ఆడవారికి ఇంకా తక్కువకే బాణం పడుతుంది. మీరు మగవారో ఆడవారో రాయనేలేదు. నీళ్లు చాలక రక్తం చిక్కబడినా, ఎత్తయిన కొండ ప్రాంతాల్లో ఉన్నా, పొగ తాగినా కౌంట్ పెరుగుతుంది. కానీ అలాంటప్పుడు హిమోగ్లోబిన్ కూడా దాంతోపాటే పెరగాలి. మీకు తగ్గింది కాబట్టే నా అనుమానం థలసీమియా వైపు.

భాగహారం దారి చూపుతుందే తప్ప జబ్బును తేల్చదు. ఐరన్ లోపం, వాహక లక్షణం రెండూ ఒకే మనిషిలో ఉండవచ్చు కూడా. మీ ఎంసీవీ ఎంతో ఇక్కడ పెట్టండి. 80కి బాగా కిందుంటే, మాత్రలు మొదలుపెట్టకముందే ఫెరిటిన్, హిమోగ్లోబిన్ ఏ2 పరీక్షలు రాయమని మీ డాక్టరును అడగండి. మొహమాటపడకండి.